సయోధ్య దృష్ట్యా మినహాయించడమైనది

ప్రజలకు తెలియజేయడమేమనగా, డర్బన్ ఉత్తర తీర తాత్కాలిక ఉమ్మడి మండలి తన గతాన్ని యావత్తూ పాత కంప్యూటరు నుంచి కొత్త కంప్యూటరుకి మార్చాలని 1996 ఫిబ్రవరిలో ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానంలో ‘యావత్తు’ అన్న మాట రెండుసార్లు ఉంది. ‘అవసరమైన మినహాయింపులతో’ అన్న మాట కింద చిన్న అక్షరాల్లో ఒక్కసారే ఉంది. మండలి సభ్యులు చాలామంది ఆ చిన్న అక్షరాలే చదివారు.

అంతకుముందు ఆ ఊళ్లో తెల్లవాళ్లకొక ఆఫీసు, ఇండియన్లకొకటి, కలర్డ్ అనబడే మిశ్రమ జాతి వాళ్లకొకటి ఉండేవి. ఆ గడ్డ మీది నల్లవాళ్లయిన జూలూలకి ఊరి బయట ఒక కిటికీ ఉండేది. అన్ని జాతులవాళ్లూ ఓటేసిన మొదటి ఎన్నికలయ్యాక నాలుగింటినీ కలిపి ఒకే ఆఫీసు చేశారు. తలుపుల మీద ఎవరెటు వెళ్లాలో చెప్పే బోర్డులు పీకేశారు. మేకుల బెజ్జాలు మాత్రం అలాగే ఉండిపోయాయి. వాటిని పూడ్చడానికి విడిగా టెండరు పిలవాలట.

పాత కాగితాలన్నిటినీ ఎన్నికలకు ముందు ఏడాదే, స్థలాభావం వల్ల, పెరట్లో తగలబెట్టారు. ముప్పయ్యేళ్లుగా లేని స్థలాభావం ఆ ఏడాదే ఎందుకొచ్చిందని ఎవరూ అడగలేదు. అయితే అంతకుముందే లొరెయిన్ అనే టైపిస్టు వాటినన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టింది. ఆమెని ఆపాలని ఎవరికీ తట్టలేదు. గదిలో టైపు చేసే మనిషి ఒకరు ఉన్నారన్న సంగతే పెద్దవాళ్లకి తట్టదు. అలా ఒక ఊరి గతమంతా ఒక్క పాత యంత్రంలో మిగిలింది.

దాన్ని కొత్త యంత్రంలోకి మార్చే పని రామమోహన్‌ది. హైదరాబాదు నుంచి వచ్చి ఏడాదయింది. రిజర్వాయర్ హిల్స్‌లో అద్దె ఇల్లు, భార్య విమల, ఏడాదికోసారి పొడిగించవలసిన పర్మిట్. ఆ పర్మిట్‌కి కావలసిన ఉత్తరం మీద డైరెక్టరు జగన్నాథం సంతకం పెట్టాలి. రామమోహన్‌కి యంత్రాలంటే గౌరవం. నల్లటి తెర మీద ఒక్క వరస ఆజ్ఞ టైపు చేస్తే చాలు, యంత్రం ఎదురు చెప్పకుండా, ఎవరి ముఖమూ చూడకుండా చెప్పింది చేస్తుందని విమలకి తరచు చెప్పేవాడు. ‘మీలాగేనన్నమాట’ అని ఆవిడ అనేది. అందులో మెచ్చుకోలు ఎంతో అతను ఎప్పుడూ తరచి చూడలేదు.

మార్చే విధానం చాలా సులువు. ఫైళ్లన్నీ ఒక టేపులోకి కాపీ చెయ్యమని ఆజ్ఞ. ఆ ఆజ్ఞకి తోకగా ఒక జాబితా పేరు. జాబితాలో వరసకొక పేరు ఉంటుంది. ఆ వరసల్లో ఏదైనా ఫైలు పేరులో ఎక్కడైనా కనిపిస్తే ఆ ఫైలుని వదిలేసి ముందుకు పోవాలి. చెత్త ఫైళ్లు, రెండేసిసార్లు ఎక్కినవి, పాత పండగ సెలవుల పట్టికలు వదిలెయ్యడానికి రామమోహన్ ఈ ఏర్పాటు చేశాడు. మొదటి రోజు జాబితాలో పదకొండు పేర్లున్నాయి. పదకొండో పేరు అతనే పొరపాటున దాచుకున్న పేకాట ప్రోగ్రాము.

జాబితా సంగతి రెండో రోజుకి ఆఫీసంతా పాకింది.

మొదట వచ్చినవాడు లెస్లీ. పాత తెల్లవాళ్ల ఆఫీసులో ఉపాధికారి. పార్కు బెంచీల మీద ‘తెల్లవారికి మాత్రమే’ అని రాయడానికి మూడు వందల రేకు బోర్డులు కొనమని సంతకం పెట్టింది తనేనని, అయితే అప్పట్లో తన దృష్టి రేకు నాణ్యత మీదే ఉండేదని వివరించి, ఆ ఫైలు వదిలెయ్యమన్నాడు. పనిలో పనిగా తన మీద జరిగిన ఒక క్రమశిక్షణ విచారణ కూడా వదిలెయ్యమన్నాడు. తరవాత రోడ్ల ఇంజనీరు వచ్చి ఒక వరదని మినహాయించమన్నాడు. వరద రాకపోతే వంతెన ఎందుకు కూలిందన్న ప్రశ్న వస్తుందని రామమోహన్ అంటే, అయితే వంతెననీ మినహాయించమన్నాడు. నాలుగంకెలు రాస్తే ఆ ఏడాది ఫైళ్లన్నీ ఒక్క దెబ్బతో పోతాయని తెలిశాక పని మరీ చురుకందుకుంది. ఒక పెద్దమనిషి 1976 వద్దన్నాడు. ఇంకొకాయన 79 నుంచి 84 దాకా ఆరోగ్యం బాగోలేదు కనక ఆ ఆరేళ్లూ వద్దన్నాడు.

ఇంతమంది నోటి మాటగా చెబితే బాగుండదని రామమోహన్ ఒక నమూనా ఫారం తయారు చేశాడు. ఫైలు పేరు, విషయ సంక్షిప్తం, కోరినవారు, కారణం, నమోదు చేసినవారు. కాగితం మీద మూడు ప్రతులు, యంత్రంలో ఒక నకలు. విషయ సంక్షిప్తం గడిని యంత్రమే ఆ ఫైల్లోంచి తీసుకుని నింపేస్తుంది. ఆ సదుపాయం తనకి తానే తోచినందుకు రామమోహన్ రెండు రోజులు సంతోషంగా ఉన్నాడు. కారణం గడిలో ఏం రాయాలో మొదట ఎవరికీ తెలియలేదు. జగన్నాథమే దారి చూపాడు. ‘సయోధ్య దృష్ట్యా’ అని రాశాడు. దేశమంతా ఆ మాటే వినబడుతున్న రోజులు. అప్పటినుంచి వరద దగ్గర నుంచి బెంచీల దాకా అన్నీ సయోధ్య దృష్ట్యానే పోయాయి.

జగన్నాథం గురించి రెండు మాటలు చెప్పాలి. పాత ప్రభుత్వం నడిచిన రోజుల్లో ఆయన దాని సలహా సంఘంలో కూర్చునేవాడు. కూర్చున్నది లోపలి నుంచి పోరాడడానికని ఆయనే ఇప్పుడు చెబుతుంటాడు. లోపల చాలా కుర్చీలున్నాయి కనక పోరాటం సుదీర్ఘంగా సాగింది. కొత్త ప్రభుత్వం రాగానే ఆయన అనుభవాన్ని వదులుకోకూడదని డైరెక్టరుని చేశారు.

ఫైళ్ల గది చూసుకునేది యెల్లప్ప. అరవై దగ్గర పడుతున్న మనిషి. దగ్గర్లోని ఒట్టావా అనే పేట నుంచి బస్సులో వచ్చి, ఫైళ్లు కాలిపోయిన ఫైళ్ల గది తాళం తీసి కూర్చుని, సాయంత్రం మళ్లీ తాళం వేసి పోతాడు. ఈ పనిని మూడేళ్లుగా లోటు లేకుండా చేస్తున్నాడు. రామమోహన్ తెలుగువాడని తెలిసిన రోజున వచ్చి పక్కన నిలబడ్డాడు.

“తమ్ముడూ, నువ్వు దేశం నుంచి వచ్చినావా? మా తాత గూడ దేశమే. వైజాగపటం. చెరుకు తోట కూలీగా తెచ్చినారు. షిప్ నంబర్ ఉంది మాకు, ఊరు పేరు లేదు.”

రామమోహన్ అతన్ని ‘యెల్లప్ప గారూ’ అంటే నవ్వేవాడు. ఆ ‘గారు’ తన నాయనమ్మ దేవుళ్లకి మాత్రమే పెట్టేదట.

జాబితా సంగతి విన్నాక ఒక మధ్యాహ్నం యెల్లప్ప మళ్లీ వచ్చాడు. ఈసారి నవ్వలేదు.

“లిసెన్, తమ్ముడూ. నా నాయన భూమి ఫైలు ఆ మిషన్ లోపల ఉంది. రెండు ఎకరం, రివర్ పక్కన. వంకాయ, బీన్స్, మీలీస్, అదే మీ మొక్కజొన్న, ఏసేవాళ్లం. సెవెంటీ వన్‌లో ఏ జాతి ఏడ ఉండాల అనే లా, ఆ గ్రూప్ ఏరియా లారీ వచ్చింది, మమ్మల్ని ఎత్తి పడేసింది. నాయన ఆరు నెల్లు ఉన్నాడు, అంతే. ఇప్పుడు గవర్మెంట్ ఏమంటాది? క్లెయిమ్ పెట్టు, పేపర్ చూపించు. పేపర్ ఏది? యార్డ్‌లో కాల్చేసినారు, నేనే డోర్ ఓపెన్ చేసినా. సో, మిషన్ ఒకటే ఉంది. నువ్వు చూసుకో, యా?”

“చూస్తాను” అన్నాడు రామమోహన్.

మన వాళ్లకి ఈ మాట అర్థం తెలుసు. అడిగినవాడు వెళ్లిపోవడానికి అనే మాట అది. యెల్లప్ప పుట్టిన గడ్డ వేరు. చూస్తానంటే చూస్తాడనే అనుకున్నాడు. ఆ రాత్రి చెల్లెలు సరస్‌కి ఫోను చేసి, దేశం నుంచి వచ్చిన తమ్ముడు మాటిచ్చాడని చెప్పాడు.

నాలుగు రోజుల తరవాత డైరెక్టరు గది నుంచి ఒక ఫారం వచ్చింది. ఫైలు పేరు దగ్గర యెల్లప్ప తండ్రి పేరు, ప్లాటు నంబరు. యంత్రం నింపిన సంక్షిప్తం ఇలా ఉంది: రెండెకరాలు, నది పక్క, 1971లో ఖాళీ చేయించడమైనది, 1974లో సలహా సంఘ సభ్యుడు జగన్నాథం సిఫార్సుపై ఆయన మామగారికి హార్డ్‌వేర్ దుకాణం నిమిత్తం కేటాయించడమైనది. కోరినవారు: జగన్నాథం. కారణం: మీకు తెలిసిందే.

రామమోహన్ ఆ కాగితం చివరిదాకా చదివాడు. అతను చెడ్డవాడు కాదు. పోగొట్టేశానని చెప్పి కాగితం చింపెయ్యవచ్చు. ఫైలు పేరులో ఒక అక్షరం తప్పు టైపు చేస్తే చాలు, యంత్రం ఆ ఫైలుని పోల్చుకోలేక కాపీ చేసేస్తుంది. ఒక్క అక్షరం తప్పు పడాలి. అతను టైపింగులో తప్పులు చెయ్యడని హైదరాబాదులో సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. పర్మిట్ గడువు జూన్‌తో అయిపోతుంది. ఫైలు పేరు ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని టైపు చేసి, ‘నమోదు చేసినవారు’ అన్నచోట తన పేరూ ఎక్కించాడు. మర్నాడు యెల్లప్ప కనబడి బొటనవేలు పైకెత్తి చూపిస్తే, తనూ ఎత్తాడు.

మార్చి నెలాఖరుకి జాబితా నాలుగు వందల పేర్లకి పెరిగింది. అప్పుడు ఒక సున్నితమైన సమస్య ఎదురైంది. పేర్లు వచ్చినవి వచ్చినట్టు ఉండడం వల్ల నాలుగు పాత ఆఫీసుల వాళ్లూ ఆ జాబితాలో కలగాపులగంగా కలిసిపోయారు. తన బెంచీల పక్కనే ఇండియన్ల సారా లైసెన్సులు ఉండడం లెస్లీకి బాగా అనిపించలేదు. సారా లైసెన్సుల వాళ్లకి కింద కలర్డ్ స్కూలు ఉండడం నచ్చలేదు. ఎవరి మీదా ద్వేషం లేదని, కేవలం చూడ్డానికి పద్ధతిగా ఉండాలని అందరూ విడివిడిగా వచ్చి జగన్నాథంతో చెప్పారు. ఎవరి గుంపు వారికి, గుంపుకీ గుంపుకీ మధ్య ఒక వరస ఖాళీ వదిలి, జాబితాని తిరగరాయాలని ఆయన ఉత్తర్వు ఇచ్చాడు. సయోధ్య దృష్ట్యా.

ఆ పని లొరెయిన్‌కి అప్పగించారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆమె ఎప్పుడూ రెండు గుంపుల్ని ఒకదానికొకటి తగలనివ్వలేదు. బదిలీ ఉత్సవం రోజు ఉదయం ఎనిమిదింటికి కూర్చుని, జాబితాని నాలుగు భాగాలుగా విడదీసి, మధ్యలో మూడు ఖాళీ వరసలు చక్కగా వదిలి, అదే పేరుతో దాచి, టీకి వెళ్లింది. రామమోహన్‌కి చెప్పాలని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

ఖాళీ వరస అంటే మనకి ఏమీ లేదని అర్థం. యంత్రం అలా అనుకోదు. ఈ వరసలో ఉన్నది ఫైలు పేరులో ఉందా అని చూస్తుంది. వరసలో ఏమీ లేదు. ఏమీ లేకపోవడం అన్నది ఏ పేరులోనైనా ఉంటుంది. కాబట్టి అన్ని ఫైళ్లూ ఆ వరసకి సరిపోతాయి, అన్నిటినీ వదిలెయ్యాలి. మనుషుల మధ్య ఎడం పెట్టిన ఒక్క వరస చాలు. ఆ జాబితాలో మూడున్నాయి.

ఉత్సవం టౌన్ హాలులో జరిగింది. వేదిక మీద రెండు కంప్యూటర్లకీ పూలదండలు వేశారు. ముందుగా రామమోహన్, ఆడిట్ నిబంధన ప్రకారం, జాబితానీ నింపిన ఫారాల నకళ్లనీ టేపులో మొట్టమొదట ఎక్కించాడు. తరవాత అసలు ఆజ్ఞ టైపు చేశాడు. జగన్నాథం మైకు ముందుకొచ్చాడు.

“గతం మనల్ని బంధించకూడదు. అయితే గతాన్ని మనం భద్రపరచాలి. భద్రపరచదగినంత మేరకు భద్రపరచాలి. ఈ బృహత్కార్యానికి నిపుణులు మూడు గంటలు పడుతుందన్నారు. మనం ఎంతలో పూర్తి చేస్తామో మీరే చూడండి.”

నలభై సెకన్లలో పూర్తయింది. హాలంతా చప్పట్లు కొట్టింది. ఇది కొత్త దేశం పనిచేసే వేగమని జగన్నాథం ప్రకటించాడు. రామమోహన్ గడియారం చూసుకున్నాడు. మూడు గంటల పని నలభై సెకన్లలో ఎలా అవుతుంది? టేపు సరిచూడడం కార్యక్రమంలో తొమ్మిదో అంశంగా ఉండేది. టైము చాలదని దాన్ని మినహాయించారు. పదో అంశం, పాత యంత్రాన్ని శాశ్వతంగా తుడిచెయ్యడం. ముఖ్య అతిథి మీట మీద వేలు పెట్టి ఫోటోగ్రాఫర్ కోసం ఆగాడు. లేచి ‘ఒక్క నిమిషం’ అంటే చాలు. వెనక వరసలో యెల్లప్ప కొత్త టై కట్టుకుని కూర్చుని ఉన్నాడు. రామమోహన్ గొంతు సవరించుకున్నాడు. జగన్నాథం అతని వైపు చూశాడు. రామమోహన్ దగ్గినట్టు దగ్గాడు. ముఖ్య అతిథి మీట నొక్కాడు.

కొత్త కంప్యూటరు మర్నాడు తెరిచి చూస్తే అందులో మినహాయింపుల జాబితా, ఫారాలు తప్ప ఇంకేమీ లేవు.

ఫారాల కాగితపు ప్రతులని గోప్యత దృష్ట్యా ముందే చించేశారు. ఇలాంటి పరిస్థితిలో ఎవరైనా గాభరా పడతారు. మండలి పడలేదు. తన వద్దనున్న రికార్డులన్నీ ప్రజలకు బాహాటంగా చూపిస్తామని జగన్నాథం ఉత్సవంలోనే మాటిచ్చి ఉన్నాడు. ఉన్న రికార్డు ఇదొక్కటే కనక దాన్నే నాలుగు సంపుటాలుగా ప్రింటు తీసి కౌంటరు మీద పెట్టే కాగితం మీద ఆయన సంతకం చేశాడు. చదివాకే సంతకం చెయ్యాలన్న నియమం డైరెక్టర్లకి వర్తించదు.

అప్పటినుంచి ఆ ఊళ్లో ఉండడమంటే జాబితాలో ఉండడమే అయింది. లెస్లీ మీద విచారణ జరిగిందని జాబితాలో ఉంది, అంటే అతను ఉద్యోగంలో ఉన్నట్టే. అతని రిటైర్మెంటు కాగితాలు వారంలో వచ్చేశాయి. వంతెన కూల్చిన ఇంజనీరుకి వంతెన కట్టిన అనుభవం రుజువైంది. ఆఫీసు ఊడ్చిన ఎల్సీ ముప్పయ్యొక్క ఏళ్లు ఒక్క మాట పడకుండా పనిచేసింది. ఆమె మీద ఎవరికీ ఏ అభ్యంతరమూ లేకపోయింది. అందుచేత ఆమె లేదు. పెన్షను కోసం రెండు నెలలు కౌంటరు దగ్గర నాలుగు సంపుటాలూ వేలు పెట్టి వెతుక్కుని, తనలో ఏదైనా దాచవలసింది ఉందేమో గుర్తు చేసుకోమని లొరెయిన్‌ని అడిగింది. లొరెయిన్ ఏడ్చింది. ఏడుపుకి గడి లేదు.

జగన్నాథానికి విషయం తెలిసేసరికి ఆయన మామగారి హార్డ్‌వేర్ దుకాణం గురించి రెండో సంపుటంలో నలుగురూ చదువుతున్నారు. ఆయన ఒక్క రోజు సెలవు పెట్టాడు. తిరిగొచ్చి, ముఖ్యమైన ఫైళ్లు పోకుండా తానే దూరదృష్టితో మినహాయింపుల జాబితాలో పెట్టి కాపాడానని పత్రికకి చెప్పాడు. పక్క ఊరు టోంగాట్‌లో ఒక సంఘం వాళ్లు ఆయనకి శాలువా కప్పారు.

జూన్ మొదటి వారంలో ఒక మధ్యాహ్నం యెల్లప్ప రామమోహన్‌ని ఫైళ్ల గదికి పిలిచాడు. బల్ల మీద రెండు బన్నీ చౌలు ఉన్నాయి. సగం రొట్టె తొలిచి లోపల బీన్స్ కూర పోసినవి. పక్కన ఒక ప్రింటు కాగితం.

“తిను. రేపు పొద్దున నేను డర్బన్ పోతాను, క్లెయిమ్ ఆఫీస్. ఆ లేడీ ఫోన్‌లో చెప్పింది, ఇది చాలు అని. నాయన పేరు ఉంది, ప్లాట్ ఉంది, ఎవురు తీసుకున్నాడు అది గూడ ఉంది. థాంక్స్ చెప్పాల నీకు. నువ్వు చూస్తాను అన్నావు.”

రామమోహన్ రొట్టె కింద పెట్టాడు. సిగ్గు ముంచుకొచ్చింది. నేను చూసుకోలేదు అని చెప్పడానికి నోరు తెరిచాడు. అంతలో కాగితం కింది వరస కనబడింది. నమోదు చేసినవారు: రామమోహన్.

“నీ పేరు గూడ ఉంది. చూసినాను” అన్నాడు యెల్లప్ప, రొట్టె తుంచుతూ. “ఆ లేడీ అంటాది, ఈ మనిషిని విట్నెస్ పిలుస్తాం అని. ఎప్పుడు రాసినావు, ఎవురు రాయమన్నారు, అది చెప్తే చాలంట.”

సిగ్గు ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగా పోయి, దాని స్థానంలో పర్మిట్ వచ్చింది. ఉత్తరం ఆ ఉదయమే జగన్నాథం బల్ల మీదికి వెళ్లింది.

“యెల్లప్ప గారూ, ఆ కాగితంలో పైదంతా ఉండనివ్వండి. అదే కదా మీకు కావలసింది. కింద ఆ ఒక్క వరస... అది లేకపోయినా మీ పనికి అడ్డేమీ లేదు. అది తీసేసి ఇంకో ప్రింటు ఇస్తాను.”

యెల్లప్ప నమలడం ఆపాడు. అతని ముఖంలో కోపం లేదు. ఏదైనా ఉంటే అది ఎప్పటినుంచో ఉన్నదే. చెయ్యి తుడుచుకుని, సొరుగు లాగి, సామాన్ల చీటీలు రాసుకోవడానికి దాచుకున్న ఖాళీ ఫారం ఒకటి తీసి ముందు పెట్టాడు.

“దానికి ఫారం ఉంది గదా, తమ్ముడూ. రూల్ నువ్వే పెట్టినావు. ఇప్పుడు ఒక కాపీ చాలు.”

రామమోహన్ కలం తీశాడు. ఫైలు పేరు రాశాడు. విషయ సంక్షిప్తం: నమోదు చేసినవారి పేరు మినహాయింపు. కోరినవారు దగ్గర సంతకం చేశాడు. కారణం గడి దగ్గర చెయ్యి ఆగింది. నేను భయపడ్డాను అన్న మాటలు ఆ గడిలో పట్టేవే. తరవాత ‘సయోధ్య దృష్ట్యా’ అని గుండ్రటి అక్షరాలతో రాసి, తారీకు వేసి ఇచ్చాడు.

యెల్లప్ప దాన్ని ఒకటికి రెండుసార్లు చదివాడు. ప్రింటు కాగితం వెనక పెట్టి, రెంటినీ కలిపి గుండుసూది గుచ్చి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

“రేపు రెండూ చూపిస్తాను” అన్నాడు. “ఇది గూడ పేపరే గదా.”

యెల్లప్ప సొరుగులో ఫారాలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయని తెలిసింది. కావలసిన పాఠకులు అడిగి తీసుకోవచ్చు. కారణం గడి ముందే నింపి ఉంటుంది.